నేను ఎక్కని బోటు

భావనపాడు నుంచి తిరిగొచ్చిన మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను. పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళు "ఇన్నాళ్ళూ కనబడలేదేమమ్మా" అని అడిగారు. బోటు బాగుచేయడానికి వెళ్ళానని చెప్పాను. ఒకాయన పేపరు మడిచాడు, ఇంకొకాయన కళ్ళజోడు తీశాడు. సంబరంగా చెప్పడం మొదలుపెట్టాను గాని, "బోటు ఊగుతుంటే తల తిరగలేదా?" అని అడిగేసరికి మాట మార్చేశాను. నేను ఆ బోటు ఎక్కలేదు. ఎక్కకుండా ఎలా బాగుచేశానో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

ఒక్క హెచ్చరిక. ఈ దారి పొడుగునా నేను ఎవరో ఒకరిని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. మంచి మనసుతో రాసిన యాత్రలు మా లైబ్రరీలో ఒక అలమారా నిండా ఉన్నాయి. అవి కావాలనుకున్నవాళ్ళు అటు వెళ్ళవచ్చు.

విజయనగరం

నేను, నా చెల్లెలు నూకరత్నం పుట్టింది విజయనగరం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఊళ్ళోనే. మా నాన్న వేటకు వెళ్ళేవాడు. నన్ను టౌనులో జూట్ మిల్లు కార్మికుడికి ఇచ్చారు. దాన్ని భావనపాడులో ఎర్రయ్యకు ఇచ్చారు. ఎర్రయ్యకు ఈరోజు సొంత బోటు ఉంది, డీజిల్ ఇంజను ఉన్న పెద్ద ఫైబరు బోటు. చెల్లెలికి సముద్రం దక్కింది. నాకు రోజు విడిచి రోజు వచ్చే మునిసిపాలిటీ కుళాయి దక్కింది.

మిల్లు మూసి తెరిచే రోజుల్లో ఇల్లు గడవాలని నేను మిక్సీలు, ఫ్యాన్లు విప్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత ఇన్వర్టర్లు, బ్యాటరీలు. నాకు గురువు లేడు. జిల్లా లైబ్రరీలో ఐటీఐ పుస్తకాలు ఉండే అలమారా ఉంది. అందులో మోటారు వాహనాల కరెంటు గురించి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉంటే, దాన్ని చదివి చదివి చివరికి నేనే అట్ట వేయించాను. పదో తరగతి తప్పినదాన్ని. అయినా ఓం సూత్రం ఏమిటో, అది ఇంట్లో ఎక్కడెక్కడ పనికొస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

జూన్ మొదట్లో నూకరత్నం ఫోను చేసింది.

"అప్పా, బోటు బేటరీ సచ్చిపోతంది. సార్జింగ్ ఎట్టించి తెస్తే మూడు నాలుగు రోజులు, అంతే. కొత్తది కొన్నాం. అదీ అదే దారి."

"ఎర్రయ్య ఏటంతన్నాడు?"

"దిట్టి తగిలిందంతన్నాడు. గుమ్మిడికాయ కొట్టినాడు. కళాసీలు మాత్రం, వేట ఇప్పీలోగా బోటు బాగవ్వకపోతే వేరే బోటుకి ఎలిపోతామంతన్నారు. ఆళ్ళు ఎలిపోతే ఈ యేడు మా బోటు ఒడ్డు దిగదప్పా."

ఈ సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. వేసవిలో రెండు నెలలు చేపలు గుడ్లు పెడతాయని మా తీరంలో వేట నిషేధం. జూన్ నడిమికి అది ఎత్తేస్తారు. ఆ తెల్లవారు బోట్లన్నీ ఒకేసారి బయలుదేరతాయి. రెండు నెలల ఆకలి మీద ఉన్న కళాసీలు, అంటే బోటులో కూలికి వేటకొచ్చేవాళ్ళు, నమ్మకంలేని బోటు కోసం ఆగరు. ఆ ఉదయం మనిషి చేజారితే మళ్ళీ ఆ ఏడాది దొరకడం కష్టం.

నేను మీటరు, కటింగ్ ప్లేయరు, రెండు చీరలు సర్దుకుని పలాస పాసింజరు ఎక్కాను. ఎర్రయ్య నన్ను రమ్మనలేదు. ఆ సంగతి రైలెక్కాక గుర్తొచ్చింది.

పొందూరు మీదుగా

చీపురుపల్లి దగ్గర చిన్న అల్లరి జరిగింది. నా సంచిలోని మీటరును ఆపకుండా పెట్టినట్టున్నాను. దాని రెండు సూదులూ ఒకదానికొకటి తగిలి 'కుయ్' మని మొదలుపెట్టింది. పెట్టెలో వాళ్ళంతా నా సంచినే చూశారు. ఎదురుగా కూర్చున్నాయన నెమ్మదిగా లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మీటరు తీసి చూపించి, అది బాంబు కాదని నమ్మించేసరికి సిగడాం దాటిపోయింది.

పొందూరులో ఒక ముసలామె ఎక్కింది. ఒళ్ళో నూలు మూట. అక్కడి ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని నేను చదివాను. ఆ మాట అంటే ఆమె నా వైపు తిరిగింది.

"నీకెలగ తెల్సు? మా ఊరి ఆడకూతురివేటి?"

"కాదమ్మా, పుస్తకంలో సదివినాను."

"ఓలమ్మ! మమ్మల్ని పుస్తకాల్లో కూడా ఏసీసినారేటి?" అని గట్టిగా నవ్వి, పక్కనున్నవాళ్ళకు కూడా చెప్పింది. ఆ తర్వాత, "నువ్వేటి పని సేస్తావు?" అంది. చెప్పాను. "మరి నీ పని కూడా ఏసినారా పుస్తకంలో?"

నా పని గురించిన పుస్తకాలన్నిటిలో బొమ్మలున్నాయి. ప్రతి బొమ్మలోనూ పనిచేసే చేతులు మగవాడివి, చొక్కా కఫ్‌లతో సహా. లేదమ్మా అన్నాను. ఆమె జాలిగా తల ఊపి నాకు జీడిమామిడి పండు ఒకటి ఇచ్చింది. తియ్యగానే ఉంది గాని గొంతు గరగరలాడింది. దిగేదాకా ఆమె నూలు మూటనే చూస్తూ కూర్చున్నాను.

నౌపడ

నౌపడలో దిగితే గాలిలోనే ఉప్పు తెలుస్తుంది. రోడ్డుకు రెండు వైపులా ఉప్పు మళ్ళు, వాటి మధ్య తెల్లటి కుప్పలు, వాటి మీద తాటాకులు. ఆటో అతను ముందే ఇద్దరిని ఎక్కించుకుని ఉన్నా, నా కోసం ఇంకా జరిపించాడు. టీ మా టౌనులో కంటే చౌక, గ్లాసు మాత్రం పెద్దది. ఈ రెండూ ఒకేచోట ఎలా కుదురుతాయో నాకు అర్థం కాలేదు.

ఆటో హెడ్‌లైటు చుట్టూ తుప్పు పూలు పూసి ఉంది. "ఈ ఊళ్ళల్లో కరెంటు తీగ ఎన్నాళ్ళు బతుకుతాది?" అని అడిగాను.

"మనిసే నిలబడ్డు, తీగేటి నిలబడతాదమ్మా," అన్నాడతను. "మా ఇంట్లో ఫేను రెక్కలు యేటేటా మార్సుతాను. అత్తోరు ఇచ్చిన ఫేను. ఇప్పుడు మోటారొక్కటే ఆళ్ళది."

ఉప్పు గాలిలో రాగి పచ్చబడుతుందని, పచ్చబడిన చోట కరెంటు దారి ఇరుకైపోతుందని నాకు తెలుసు. బోటు బ్యాటరీకి అదే జబ్బయి ఉంటుందని దారిలోనే తీర్పు చెప్పేసుకున్నాను. తెలిసిన జబ్బునే రోగికి అంటగట్టడం వైద్యులకు మాత్రమే ఉన్న అలవాటు కాదు.

భావనపాడులో భోజనం

చెల్లెలి ఇల్లు సముద్రానికి దగ్గర. వాకిట్లో వలలు, వలల మీద పిల్లి. వంటింటి కిటికీ తెరిస్తే అలల చప్పుడు. ఇది రోజూ ఈ చప్పుడు వింటూ ఉల్లిపాయలు తరుగుతుందన్నమాట. నేను తరిగేటప్పుడు పక్కింటి వాళ్ళ టీవీ వింటాను.

సముద్రం ఒడ్డున భోజనం అంటే చేపల పులుసు అనుకుంటారు. వేట లేని రోజుల్లో ఇక్కడ పచ్చి చేప కనబడదు. ఎండు నెత్తళ్ళు, వంకాయ కలిపి వండింది. మా టౌనులో ఎండు చేప వండితే వీధి తలుపు వేసుకుంటాం. ఇక్కడ తెరిచే పెట్టారు. మా టౌనులో చుట్టానికి ముందు వడ్డిస్తాం, ఇక్కడ సముద్రం మీదకు వెళ్ళేవాడికి ముందు. ఎర్రయ్య తిన్నాక నాకు విస్తరి వేసింది. కూర ఎంత బాగుందంటే, దాని చేతి రుచి మీద కూడా నాకు కోపం వచ్చింది.

"ఇంత దూరం ఎందుకొచ్చినావు వదినా, ఎండలో," అన్నాడు ఎర్రయ్య. మర్యాదగానే అన్నాడు. "టౌను నుంచి మెకానిక్కు వచ్చి సూసినాడు. బేటరీ పోనాది అన్నాడు. మార్సినాం. మళ్ళీ వచ్చి ఇదీ పోనాది అన్నాడు."

"మూడోది పోయేదాకా సూద్దామనేటి?"

నూకరత్నం కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. ఎర్రయ్య నవ్వలేదు.

ఒడ్డు

బోటు ఊరి పక్కన కయ్యలో కట్టేసి ఉంది. కయ్య అంటే సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయ. అది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. అక్కడ అలలు విరిగిపడతాయి. మొగలో ఇంజను ఆగి, బ్యాటరీ లేక మళ్ళీ అందుకోకపోతే బోటు ఇసుక దిబ్బకు కొట్టుకుని బోల్తా పడుతుంది. కళాసీల భయమంతా దాని గురించే.

ఒడ్డుకు ఆనించిన పలక మీద కాలు పెట్టబోయాను. బోటు నడిపే పెద్దమనిషిని తండేలు అంటారు. ఆ బోటు తండేలు దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. గంగమ్మకి పూజ సేసిన బోటు. ఆడకూతురు కాలెట్టకూడదు."

ఆ ఆచారం తెలియనిదాన్ని కాదు. మా నాన్న బోటు కూడా నేను ఎక్కలేదు. కాని బాగుచేయడానికి వచ్చినదాన్ని కదా, ఈ ఒక్కసారికి ఊరుకుంటారనుకున్నాను. వైద్యం చేసేటప్పుడు ఎవరూ మడి పాటించరు గదా.

"నేను సెయ్యాల్సిన పని దాని మీదుంది మావా."

"నువ్వు పెద్ద ఇంజనీరువే అవ్వమ్మా. అయినా గాని."

బోటు మీద, ఇంజను పెట్టె నీడలో ఒక కుక్క నాలుగు కాళ్ళూ చాపుకుని నిద్రపోతోంది.

"అది పోతుకుక్కేనా మావా?" అని అడిగాను.

కళాసీలంతా నవ్వారు. దానయ్య కూడా నవ్వాడు. "పోతుదే. సూసే ఎక్కించినాం," అన్నాడు.

నవ్వితే నవ్వాడు గాని చెయ్యి దించలేదు. టౌను మెకానిక్కు ఈ పలక మీద నుంచే నడిచి వెళ్ళి, చూడాల్సింది చూడకుండా తిరిగొచ్చాడు. నేను ఇసుక మీద నిలబడి, ఆ కుక్కను, ఆ మెకానిక్కును, చివరికి బోటు చుట్టూ తిరిగే కాకిని కూడా చూసి కుళ్ళుకున్నాను.

సరే, బ్యాటరీకి ఆచారం లేదు గదా. దాన్ని విప్పి, ఆ చోట చార్జింగు అయిన పాతది పెట్టి, నా దగ్గరికి దింపమన్నాను. చార్జింగు పెట్టి తెచ్చాక చూస్తే పన్నెండున్నర వోల్టులు దాటి ఉంది. ఏ తీగా తగిలించకుండా ఇంట్లో గట్టు మీద పెట్టించాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా చూశాను. ఉన్నది ఉన్నట్టే ఉంది.

"బేటరీ బాగానే ఉన్నాది. బోటే దాన్ని తాగీస్తంది," అన్నాను.

"అంతా ఆపీసే ఉంచుతాం వదినా. ఇంజను లేదు, లైటు లేదు. ఏటి తాగుతాది?"

అదే కనుక్కోవాలి. బ్యాటరీని బోటులో పెట్టించి, నల్ల తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరు ఉంచమని ఎర్రయ్యకు ఒడ్డు నుంచి చెప్పాను. అన్నీ ఆపేశాక కూడా ఎంత కరెంటు పారుతోందో అది చూపిస్తుంది. బోటు మీద ఎర్రయ్య, ఒడ్డు మీద నేను. ఎర్ర సూది ఎక్కడ, నల్ల సూది ఎక్కడ అని అరుస్తుంటే, నా చేతులు వాటంతటవే గాలిలో కదులుతున్నాయి. ఆ మీటరును ఇన్నేళ్ళలో ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. అతని మొరటు వేళ్ళ మధ్య దాన్ని చూస్తుంటే, నా పిల్లను ఇంకెవరో ఎత్తుకున్నట్టు ఉంది.

"పారతంది వదినా! సున్నా పాయింటు తొమ్మిది!"

"స్టార్టరు జోలికి ఎల్లకు. మీటరు తట్టుకోదు."

ఆ మాట అతనికి చేరేలోపు, ఇంజను తిరుగుతుందేమో చూద్దామని అతను మీట నొక్కేశాడు. మీటరులోని ఫ్యూజు 'టప్' మంది. కుక్క నిద్రలేచింది.

బల్బు

నేను ఏమన్నానో రాయను. ఎర్రయ్య తల గోక్కుని, "నొక్కితే కదా తెలిసేది," అన్నాడు.

మీటరు పోతే పని ఆగాలా? నేను అట్ట వేయించిన ఆ పుస్తకంలో పాత పద్ధతి ఒకటుంది. మీటరు బదులు ఒక బల్బును మధ్యలో పెట్టడం. ఎక్కడైనా కరెంటు పారుతుంటే బల్బు వెలుగుతుంది, పారకపోతే వెలగదు. ఎర్రయ్య మోటారు సైకిలు వెనక బ్రేకు బల్బు విప్పించి, తీగలు చుట్టించి, బల్బును బోటు అంచు మీద నుంచి బయటికి వేలాడదీయించాను. ఇందులో ఒక లాభం ఉంది. మీటరు అంకె అతనికే కనబడుతుంది. బల్బు నాకు కూడా కనబడుతుంది.

ఎర్రగా, మసకగా వెలిగింది.

"ఇప్పుడు ఫ్యూజులు ఒక్కోటీ పీకు. పేరు సెప్పి పీకు."

"వైర్‌లెస్సు!" పీకాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

"దారి సూపించే మిషను! సేపల్ని సూపించే మిషను! పై లైటు! కేబిన్ లైటు! నీళ్ళు తోడే మోటారు!"

ఫ్యూజులన్నీ ఒడ్డు మీద నా ముందు తువ్వాలు మీదకు వచ్చాయి. బల్బు మాత్రం మారలేదు. ఫ్యూజు పెట్టెతో సంబంధం లేకుండా, నేరుగా బ్యాటరీ నుంచి ఏదో తాగుతోంది.

"ఇంకేటి లైట్లున్నాయి?"

"ఇంకేటీ లేవు వదినా. అమ్మతోడు."

దానయ్య మావ పంచె దులుపుకుని లేచాడు. "ఎర్రయ్యా, నీ మీద కోపం కాదురా. రేపు ఎల్లుండిలో వేట ఇప్పుతారు. పక్క బోటోళ్ళు అడుగుతున్నారు. మొగ కాడ ఆగిపోతే మా పేనాలు నువ్వు ఇస్తావేటి?" ఎర్రయ్య ఖాళీ అయిన ఫ్యూజు పెట్టె మూత వేశాడు, మళ్ళీ తీశాడు.

అప్పటికి పొద్దు వాలింది. నూకరత్నం మాకు టీ తెచ్చింది. గ్లాసులు కింద పెట్టి, బోటు వైపు తిరిగి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. కళ్ళు తెరిచి కాసేపు అలాగే చూసింది.

"ఏటప్పా, ఈ సందేళ అమ్మోరు సిన్నబోయినట్టు కనబడతన్నాది?"

"ఏ అమ్మోరే?"

"అదిగో," అని కేబిన్ వైపు చూపించింది. అద్దం వెనక గంగమ్మ పటం. చుట్టూ చిన్న చిన్న రంగు బల్బులు, ముందు ఎప్పుడూ ఆరని కరెంటు దీపం. "రోజూ ఇక్కణ్ణుంచే సూస్తాను కదా. ఇంతకంటే బాగా ఎలుగుతాది."

టీ గ్లాసు ఇసుకలో పెట్టేశాను. కొత్తగా మధ్యలో పెట్టిన బల్బు వల్ల చిన్నబోవాలంటే, ఆ దీపం కూడా అదే దారిలో ఉండాలి.

"ఎర్రయ్యా! ఆ బల్బు రెండు తీగలకీ అడ్డంగా ఒక తీగ ముక్క తగిలించు!"

తగిలించాడు. వేలాడుతున్న బల్బు ఆరిపోయింది. అద్దం వెనక అమ్మవారు ఒక్కసారిగా వెలిగింది.

"తీసీ!"

తీశాడు. బల్బు వెలిగింది, అమ్మవారు చిన్నబోయింది. మళ్ళీ చేయించాను. ఒడ్డున ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు.

"లైట్లేటేటి ఉన్నాయంటే ఇది సెప్పలేదేటి?"

ఎర్రయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది లైటేటి వదినా? అమ్మోరు కదా!"

అమ్మోరి కరెంటు

కిందటి పండక్కి బోటుకు రంగులు వేయించినప్పుడు నూకరత్నం మొక్కుకుందట. తను బోటు ఎక్కలేదు, తన దీపమైనా బోటు మీద ఉండాలని. పందిరి లైట్లు కట్టేవాళ్ళను పిలిచి, ఏ స్విచ్చు ఆపినా ఆరకుండా నేరుగా బ్యాటరీ నుంచి తీగ లాగించారు. రోజూ వేటకు వెళ్ళినన్నాళ్ళూ ఇంజను తిరిగి బ్యాటరీ నిండేది, ఎవరికీ తెలియలేదు. నిషేధం రోజుల్లో ఇంజను పడుకుంది. దీపం పడుకోలేదు.

నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇది కూడా దీనికే దక్కిందా అని. బోటు ఎక్కని మా ఇద్దరిలో దాని దీపం బోటు మీద ఉంది.

"ఆడోళ్ళ మొక్కు బోటుని ముంచీసినాది," అన్నాడు ఒక కళాసీ. నూకరత్నం ముఖం పాలిపోయింది. దీపం తీసేద్దామని మాత్రం ఎవరూ అనలేదు. ఇన్నాళ్ళూ బ్యాటరీ మార్చినప్పుడు క్షణం ఆరినా ఎవరి కంటా పడలేదు గాని, వేట విప్పే ముందు అందరి కళ్ళ ముందు అమ్మవారి దీపం ఆరిన బోటు ఎవరూ ఎక్కరు. ఉంచితే బ్యాటరీ చస్తుంది, తీస్తే మనుషులు పోతారు.

"అమ్మోరికి సొంత బేటరీ ఎడదాం," అన్నాను. "సిన్నది. దాన్ని నింపడానికి కేబిన్ మీద ఒక సోలార్ పలక."

దానయ్య మావ కేబిన్ పైకప్పు వైపు చూశాడు. "బాగానే ఉన్నాది. కాని తీగ మార్సినపుడు ఆరిపోతాది కదా?"

"ఆరదు."

"ఆరితే?"

"ఆరదు మావా."

మోటారు సైకిలు బ్యాటరీ, పలక టెక్కలి నుంచి మర్నాడు వచ్చాయి. ఊరు సగం ఒడ్డున చేరింది. చేతులు మళ్ళీ ఎర్రయ్యవే. మార్చే పద్ధతి సులువే, వరస తప్పకూడదు. పాతది ఊడదీయక ముందే కొత్తదాన్ని పక్కన కలపాలి, ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. రెండూ కలిసి దీపాన్ని మోస్తున్నప్పుడు పాత తీగ కొయ్యాలి. ముందు కోస్తే ఆరిపోతుంది.

"కలిపినపుడు సిన్న నిప్పురవ్వ వస్తాది. బయపడకు."

ఎర్రయ్య ఎర్ర తీగ కలిపాడు. నల్ల తీగ తగిలేసరికి చిటుక్కుమని మెరిసింది. ఒడ్డున ఆడవాళ్ళు "అమ్మో" అన్నారు. అతను ఉలిక్కిపడి కటింగ్ ప్లేయరు పాత తీగ మీదకు పోనిచ్చాడు. నల్ల తీగ ఇంకా బిగించలేదు.

"కొయ్యకు! కొయ్యకురా ఎర్రయ్యా!"

చెల్లెలి మొగుణ్ణి నలుగురిలో 'రా' అనేశాను. అతని చెయ్యి ఆగింది. నా కాలు పలక మీద ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. దానయ్య మావ చూశాడు. నేను వెనక్కి తీసుకున్నాను.

"ముందు నల్లది బిగించు. గట్టిగా. లాగి సూడు. ఆ. ఇప్పుడు కొయ్యి."

కోశాడు. అందరం అద్దం వైపు చూశాం. దీపం రెప్ప వేయలేదు.

అరుపులు, కొబ్బరికాయలు. ఎర్రయ్యను భుజాలు పట్టి ఊపేశారు. "ఏం సెయ్యిరా అది! దీపం అదరనేదు, బెదరనేదు!" అన్నారు. "అమ్మోరే సొంత బేటరీ అడిగినాది, అందుకే ఇన్నాళ్ళూ ఇలగ సేసినాది," అన్నాడు దానయ్య మావ, చెంపలు వేసుకుంటూ. నూకరత్నం మొక్కు మంచిదేనని తేలిపోయింది. నేను తువ్వాలు మీద ఫ్యూజులు ఏరుకుంటున్నాను. పొగడ్తలో ఎర్రయ్య వాటా, అమ్మవారి వాటా పోగా నాకు మిగిలింది చల్లారిన టీ.

మొగ

వేట విప్పిన తెల్లవారు నా కళ్ళతో చూశాను. బోట్లకు పసుపు, బంతిపూలు. వల మీద సాంబ్రాణి పొగ. ఎర్రయ్య మీట నొక్కాడు. మొదటి నొక్కుకే ఇంజను అందుకుంది. పలక దగ్గర నిలబడి వింటున్న కళాసీలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే ఎక్కారు. చివరగా దానయ్య మావ ఎక్కుతూ నా వైపు తిరిగి, "ఎలొస్తామమ్మా," అన్నాడు. కుక్కను మాత్రం దించేశారు.

ఒడ్డున ఆడవాళ్ళం మిగిలాం. బోటు మొగలోకి వెళ్ళింది. మొదటి అల మీదకు లేచింది, దిగింది, కనబడలేదు. నూకరత్నం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంజను చప్పుడు ఆగలేదు. రెండో అల మీద మళ్ళీ కనబడింది. ఆ తర్వాత అవతల, నల్లటి నీళ్ళ మీద, నిదానంగా దూరమైపోయింది. కేబిన్‌లో చిన్న వెలుగు చాలాసేపు కనబడింది. నాకంటే నూకరత్నానికి ఎక్కువసేపు కనబడింది.

"అప్పా," అంది. "ఆ పని నాకు నేర్పవా?"

"ఏ పని?"

"అదే. బల్బు ఎట్టడం, మీటరు సూడ్డం. ఆయన సముద్రం మీదుంటే నేను రోజూ ఇక్కడే నిలబడి సూస్తాను కదా. అమ్మోరు సిన్నబోతే నాకు కనబడతాది. ఎందుకు సిన్నబోయిందో తెల్దు. అది నీకొక్కద్దానికే తెలుసు. మాకూ సెప్పు."

చెప్పడం కష్టం కాదు. ఇసుక మీద పుల్లతో గీసి చెప్పవచ్చు. దానికి చురుకైన కన్ను ఉంది, ఆ సాయంత్రం నా మీటరు చూపించలేనిది ఆ కన్నే చూపించింది. ఒక పూటలో నేర్చుకుంటుంది. ఎదురుగా దాని సముద్రం, దాని మీద దాని బోటు, అందులో దాని దీపం. ఇక మిగిలిన ఆ 'ఎందుకు' కూడా దానికే ఇచ్చేస్తే, విజయనగరం బండిలో నేను ఏం పట్టుకుని కూర్చోవాలి?

"రేపు సెప్తానులే," అన్నాను.

ఆ మధ్యాహ్నం బండికే నేను వెళ్ళిపోతున్నానని దానికి తెలుసు.

"అలాగేలే అప్పా," అంది.